జడ్జి టార్చికి దొరక్కుండా: పోటీ కోసం 1/48 స్పిట్‌ఫైర్ కట్టడం, రంగు వేయడం

నేను మొదటిసారి పోటీకి పట్టుకెళ్లిన ప్లాస్టిక్ విమానం మోడల్ మీద మూడు నెలలు కూర్చున్నాను. రంగు పెచ్చులూడినట్టు, మసి పట్టినట్టు, బురద చిమ్మినట్టు, నాకొచ్చిన విద్యలన్నీ దాని మీదే ప్రదర్శించాను. జడ్జి వచ్చాడు, వంగాడు, జేబులోంచి వేలెడంత టార్చి తీసి చక్రం ముడుచుకునే గూట్లోకి కొట్టాడు, తర్వాత రెక్క అంచు వెంట వెలుతురు పారించాడు, పక్కాయనతో ఏదో గొణిగి వెళ్లిపోయాడు. మొత్తం నిమిషంన్నర. తర్వాత పట్టుకుని అడిగితే చెప్పాడు: ఎడమ రెక్క ముందు అంచులో అతుకు కనబడుతోంది, గూట్లో గుండ్రటి అచ్చు మచ్చ ఒకటి ఉండిపోయింది, ఒక చక్రం కాస్త లోపలికి వాలింది. నా బురద గురించి ఒక్క మాట కూడా అనలేదు.

ఆ రోజు నుంచి నా బల్ల మీద కూడా ఒక టార్చి ఉంటుంది. ప్రతి దశ అయ్యాక గదిలో లైటు ఆపేసి, టార్చిని మోడల్‌కి దాదాపు ఆనించి, వెలుతురు పక్కవాటుగా పడేలా పట్టుకుని చూస్తాను. పైనుంచి పడే లైటులో కనబడని ఎత్తుపల్లాలన్నీ అప్పుడు నీడలతో సహా బయటపడతాయి. ఈ వ్యాసంలో నేను చెప్పే పద్ధతి ముప్పావు వంతు ఇదే.

ముందు పోటీ అంటే ఏంటో

ప్లాస్టిక్ మోడళ్ల పోటీల్లో చాలావాటిని ఐపీఎంఎస్ (ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ) శాఖలు నడుపుతాయి. 1963లో బ్రిటన్‌లో మొదలైన సంఘం అది, ఇప్పుడు చాలా దేశాల్లో శాఖలున్నాయి. బ్రిటన్ వాళ్ల పెద్ద ప్రదర్శన ఏటా నవంబరులో టెల్‌ఫర్డ్‌లో జరుగుతుంది, అమెరికా శాఖ జాతీయ సమావేశం ఏడాదికో ఊరు మారుతుంది. కొన్ని పోటీల్లో ఒక్కో విభాగంలో మొదటి, రెండవ, మూడవ బహుమతులే ఉంటాయి, అంటే పక్కనున్న మోడల్‌తోనే మీ పోటీ. ఇంకొన్నింట్లో ఒక ప్రమాణానికి తూచి బంగారు, వెండి, కంచు పతకాలిస్తారు, అక్కడ పదిమందికి బంగారం రావొచ్చు, ఒక్కరికీ రాకపోవచ్చు.

ఏ పద్ధతైనా జడ్జీలు ముందు చూసేది మౌలికమైన పనే. అతుకులు పోయాయా, రెక్కలు, తోక, కాళ్లు సరైన కోణంలో ఉన్నాయా, అద్దం శుభ్రంగా ఉందా, జిగురు వేలిముద్రలు ఉన్నాయా, డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్) చుట్టూ వెండి పొరలా మెరుస్తోందా. ఇవి దాటాకే మిగతా కళాపోషణ. రంగు ఛాయ చరిత్రలో ఉన్నట్టే ఉందా అన్న వాదన చాలా పోటీల్లో చివరి మెట్టు, ఒక్కోచోట అసలు మెట్టే కాదు. అందుకే నియమాల కాగితం కిట్ కొనకముందే చదవండి. ముఖ్యంగా పెట్టెలో ఇచ్చిన ముక్కలతోనే కట్టాల్సిన విభాగంలో వేయాలనుకుంటే, సీటు బెల్టులు, డెకాల్స్ బయటివి వాడొచ్చా లేదా అన్నది ఊరూరికీ మారుతుంది.

ఏ విమానం?

నా సలహా, మొదటి పోటీకి ఒకే ఇంజిను, ఒకే ప్రొపెల్లరు ఉన్న విమానం, 1/48 స్కేల్‌లో, అంటే అసలు విమానంలో 48వ వంతు. అందులో నేను ఉదాహరణగా తీసుకునేది రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ మార్క్ 1, అదీ బ్రిటిష్ వైమానిక దళం 152వ స్క్వాడ్రన్‌ది. ఎందుకంటే దాని పూర్తి పేరు 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్. మొదటి ప్రపంచ యుద్ధంలో 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు కొనిపెట్టినట్టే రెండో యుద్ధంలో దీనికీ నిజాం డబ్బిచ్చాడు, అందుకే ఆ పేరు. స్క్వాడ్రన్ చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా, దస్తార్, కింద ‘నమ్మకమైన మిత్రుడు’ అన్న అర్థమొచ్చే ఇంగ్లిషు మాట. 1940 జులైలో ఈ దళం ఇంగ్లండ్ దక్షిణ తీరంలో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్‌కి మారి, జర్మన్ వైమానిక దాడుల్ని ఎదుర్కొన్న బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో అక్కడి నుంచే పోరాడింది. విమానం పక్కన ‘యూఎం’ అన్న రెండు బూడిదరంగు అక్షరాలు, ఆ స్క్వాడ్రన్ గుర్తు. తర్వాత ఇదే దళం బర్మా వెళ్లి మార్క్ 8 స్పిట్‌ఫైర్ల మీద దూకుతున్న చిరుతపులి బొమ్మ వేసుకుంది, అది ఇంకో రోజు కడదాం.

కిట్ విషయానికొస్తే టమియా కంపెనీ 2018లో తెచ్చిన కొత్త అచ్చు మార్క్ 1 కొనండి. ముక్కలు ఒకదాంట్లో ఒకటి దిగిపోతాయి. ఎడ్వర్డ్ కంపెనీ 2020లో తెచ్చిన మార్క్ 1 ఉపరితలం మీద రివెట్ల పని ఇంకా అందంగా ఉంటుంది, కానీ ముక్కలెక్కువ, తప్పు చేయడానికి చోటూ ఎక్కువే. 1/48 స్కేల్‌లో రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి సుమారు 234 మిల్లీమీటర్లు, పొడవు 190. రెండు అరచేతుల్లో పట్టే వస్తువు.

రెక్క మీద రంగు చుక్క పడకముందే ఒక పని. మీరు కట్టబోయే ఒక్క విమానం, ఒక్క తేదీ ఖాయం చేసుకోండి, ఫోటో దొరికిన విమానమైతే మరీ మంచిది. 1940లో ఈ విమానాల వేషం నెలనెలా మారింది. జూన్‌కి ముందు అడుగున ఒక రెక్క నలుపు, ఒక రెక్క తెలుపు. జూన్ నుంచి అడుగంతా స్కై అనే లేత ఆకుపచ్చ, అప్పుడు రెక్కల కింద బ్రిటిష్ వైమానిక దళపు గుండ్రటి గుర్తులు తీసేశారు, ఆగస్టుకల్లా మళ్లీ వేశారు. తోక దగ్గర స్కై రంగు పట్టీ, ముక్కు కొసకు అదే రంగు నవంబరు చివర్లో గానీ రాలేదు, అంతవరకు ముక్కు కొస నల్లగానే ఉండేది. ఆగస్టు విమానానికి నవంబరు పట్టీ వేస్తే, తెలిసిన జడ్జి ఎదురైన రోజు మీ ఖర్మ.

సామాను

మంచి నిప్పర్ (ముక్కలు కోసే చిన్న కటర్), కొత్త బ్లేడ్లు, ట్వీజర్లు, టమియా ఆకుపచ్చ మూత పలచటి జిగురు, 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న తుపాకీ), గాలి నిల్వ ట్యాంకు ఉన్న కంప్రెసర్, దానికి తేమ పట్టే ఫిల్టరు. ట్యాంకు లేని చవక కంప్రెసర్ గాలిని దడదడా కొట్టుకుంటూ పంపుతుంది, సన్నగీత గీయాలంటే చుక్కలు చుక్కలుగా పడుతుంది. డబ్బు ఖర్చు పెట్టాల్సిన చోటు ఇది. మిగతావి మన వీధిలోనే దొరుకుతాయి. వాటర్ పేపర్ 400 నుంచి 2000 నంబరు దాకా కారు పెయింటింగ్ సామాన్ల షాపులో, గోళ్లకు మెరుపు పెట్టే నాలుగు పక్కల బఫర్ ఫ్యాన్సీ షాపులో, ఫెవిక్విక్, ఫెవికాల్, టాల్కం పౌడరు ఇంట్లోనే.

థిన్నరు పొగ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. రసాయన ఆవిరిని పట్టే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ కొనండి. కరోనా నాటి గుడ్డ మాస్కులు రంగు తుంపర్లను కొంత ఆపుతాయేమో గానీ ఆవిరిని ఆపవు. కిటికీ తెరవండి, ఫ్యాను గాలి బయటికి పోయేలా పెట్టండి.

కోత, కాక్‌పిట్

ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేములన్నీ గిన్నెల సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి, అచ్చులోంచి వచ్చిన జిడ్డు పోవాలి. ముక్కని ఫ్రేమ్ నుంచి ఒకే కోతలో తీయకండి, ముందు దూరంగా కోసి, తర్వాత మిగిలిన మొటిమని కోసి, చివరి కొంచెం వాటర్ పేపర్‌తో అరగదీయండి. ఒకే దెబ్బకి కోస్తే ప్లాస్టిక్ నలిగి తెల్లబడుతుంది, కొన్నిసార్లు ముక్కలోంచే చిన్న గుంట లేచిపోతుంది. ప్రతి ముక్క వెంట అచ్చు రెండు భాగాలు కలిసిన సన్నగీత ఒకటి ఉంటుంది. చక్రం కాళ్ల మీద, ప్రొపెల్లరు రెక్కల మీద, కంట్రోల్ కర్ర మీద కూడా దాన్ని బ్లేడు వీపుతో గీకి తీసేయాలి. అచ్చులోంచి ముక్కని నెట్టే పిన్నుల గుండ్రటి మచ్చలు కనబడే చోట ఉంటే లప్పం పెట్టి నింపాలి. నన్ను ముంచింది అలాంటిదే.

కాక్‌పిట్‌లో రంగు బూడిద కలిసిన ఆకుపచ్చ. సీటు మీ విమానం తేదీని బట్టి లోహందో, ఎర్రటి గోధుమ రంగు మిశ్రమ పదార్థందో చూసుకోండి. నల్లటి వాష్ (బాగా పలచన చేసిన రంగు) మూలల్లోకి పారించి, అంచుల మీద కాస్త లేత రంగు పొడిబ్రష్‌తో రాయండి, చాలు. మూసేశాక లోపల కనబడేది గోరంత. తలుపు తెరిచి పెట్టాలనుకుంటే మాత్రం సీటు బెల్టులు, మీటర్ల పలక మీద ఇంకో రెండు సాయంత్రాలు పెట్టండి. జడ్జి టార్చి ముందు దూరేది అక్కడికే.

అతుకులు: అసలు పోటీ ఇక్కడే

శరీరం రెండు సగాలు కలిపేటప్పుడు రెండు అంచుల మధ్య వెంట్రుకంత సందు ఉంచి, పలచటి జిగురు బ్రష్‌తో తాకిస్తే అది సందు వెంట తనే పాకుతుంది. ఇప్పుడు నొక్కండి, కరిగిన ప్లాస్టిక్ పూసలా పైకి ఉబకాలి. ఆ పూసే మీ లప్పం. ఇక్కడే అందరం తొందరపడతాం. ఒక రాత్రి ఆగి పొద్దున్నే అరగదీసేస్తే ఆ క్షణానికి అద్దంలా ఉంటుంది. కానీ లోపల మెత్తబడ్డ ప్లాస్టిక్ ఇంకా ఆరుతూ కుంచించుకుపోతూ ఉంటుంది. రంగు, వార్నిష్ అన్నీ అయ్యాక, సరిగ్గా పోటీకి ముందు, అతుకు ఉన్నచోట సన్నటి పల్లం దెయ్యంలా పైకి లేస్తుంది. కనీసం వారం ఆగండి. ఆ వారంలో ప్రొపెల్లరు, చక్రాలు చేసుకోండి.

ఆగే ఓపిక లేదంటే, సందులున్నచోట ఫెవిక్విక్‌లో టాల్కం పౌడరు కలిపి ముద్దలా చేసి పుల్లతో పెట్టండి. ఇది కుంచించుకుపోదు, పౌడరు వల్ల ప్లాస్టిక్ అంత మెత్తగానే అరుగుతుంది. షరతు ఒక్కటే, గట్టిపడ్డాక గంట లోపల అరగదీయాలి, మర్నాటికి రాయి అయిపోతుంది, అప్పుడు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ అరుగుతుంది గానీ అది అరగదు. 400తో మొదలుపెట్టి 600, 1000, 2000, ప్రతిసారీ నీళ్లు తడుపుతూ. కాగితాన్ని వేలికి చుట్టకండి. వేలు మెత్తన, అతుకు దగ్గర గుంట పడేలా అరగదీస్తుంది. ఐస్‌క్రీమ్ పుల్లకి అంటించుకుంటే సమంగా అరుగుతుంది.

అన్ని అతుకులూ పూడ్చకూడదు, అది కూడా చెప్పాలి. అసలు విమానం మీద రేకులు కలిసిన గీత ఉన్నచోట ఉండనివ్వాలి. స్పిట్‌ఫైర్ మార్క్ 1లో ఇంజిను పై కప్పు ఒకే రేకు, కాబట్టి దాని నడినెత్తిన అతుకు కనబడకూడదు. రెక్కల ముందు అంచు మీద కూడా అంతే. అరగదీతలో చెరిగిపోయిన ప్యానెల్ గీతల్ని మళ్లీ గీయడానికి గట్టి లేబుల్ టేపుని స్కేల్‌లా అంటించి, సూదితో బరువు వేయకుండా అయిదారుసార్లు లాగండి. మొదటిసారే లోతుగా గీయాలని చూస్తే సూది జారి పక్కకి పోతుంది, ఆ గీతని పూడ్చడానికి మళ్లీ మొదటికి.

అయిందా? లైటు ఆపండి. టార్చి.

కొలత

స్పిట్‌ఫైర్ రెక్కలు వేరు నుంచి కొసకి 6 డిగ్రీలు పైకి లేస్తాయి. కిట్ మంచిదైతే ఆ కోణం దానంతటదే వస్తుంది, కానీ ఎడమ ఆరు, కుడి అయిదున్నర అవ్వడానికి ఒక్క గింజ చెత్త చాలు. జిగురు పచ్చిగా ఉన్నప్పుడే గాజు పలక మీద మోడల్ పెట్టి రెండు రెక్క కొసల ఎత్తు స్కేలుతో కొలవండి, అర మిల్లీమీటరు కన్నా తేడా ఉండకూడదు. తోక నిలువు రెక్క నిటారుగా ఉందో లేదో చూడటానికి మేస్త్రీల మూలమట్టం లాంటి చిన్నది, లేదంటే అట్టముక్కని సరిగ్గా మూలగా కోసి వెనక ఆనించండి. పిల్లల లెగో ఇటుకలు దొరికితే ఇంకా మేలు, వాటితో రెండు పక్కలా గోడలు కట్టి మోడల్‌ని మధ్యలో ఇరికించి రాత్రంతా వదిలేయొచ్చు. మా ఇంట్లో దీనికోసం లెగో అడిగితే రెండు రోజులకి అద్దె కింద చాక్లెట్లు ఇచ్చుకోవాల్సి వచ్చింది.

తర్వాత మోడల్‌ని కంటి ఎత్తుకి తెచ్చి, ఒక కన్ను మూసి, ముందు నుంచీ వెనక నుంచీ చూడండి. తోక అడ్డ రెక్కలు ప్రధాన రెక్కలతో ఎలా ఉన్నాయో రెండు పక్కలా పోల్చండి. ఫోన్‌లో ఫోటో తీసి తిరగేసి చూస్తే కంటికి అలవాటైపోయిన వంకర కూడా పట్టుబడుతుంది.

అద్దం

కాక్‌పిట్ అద్దం దగ్గరికి ఫెవిక్విక్ తీసుకెళ్లకండి, దాని ఆవిరి అద్దం మీద తెల్లటి పొగలా పట్టుకుంటుంది. ఫెవికాల్ వాడండి. ఆరితే పారదర్శకం, తప్పు జరిగితే తడి గుడ్డతో తుడిస్తే పోతుంది, సన్న సందుల్ని కూడా నింపుతుంది. మాస్కింగ్ కోసం, అంటే రంగు పడకూడని చోట కప్పడానికి, ముందే కోసి అమ్మే సెట్లు కొనుక్కోవడం సిగ్గుపడాల్సిన పనేం కాదు. అద్దం ఫ్రేముల మీద మొదట కాక్‌పిట్ లోపలి ఆకుపచ్చ, దానిమీద పైరంగు. లోపలి నుంచి చూసినప్పుడు ఫ్రేమ్ లోపలివైపు సరైన రంగు కనబడుతుంది. అరనిమిషం పని, చాలామంది మర్చిపోతారు.

రంగు

ముందు బూడిదరంగు ప్రైమర్, మిస్టర్ సర్ఫేసర్ 1500 లాంటిది. ప్రైమర్‌ని రంగుకి పునాదిగా కాదు, తప్పులు పట్టే పరీక్షగా చూడండి. పడ్డాక మళ్లీ టార్చి. ఏదో ఒకటి కనబడుతుంది. లప్పం, అరగదీత, మళ్లీ ప్రైమర్. నాకు మూడుసార్లకి తక్కువ ఎప్పుడూ కాలేదు.

రంగులకి మిస్టర్ హాబీ నీటి రంగుల్లో హెచ్72 డార్క్ ఎర్త్, హెచ్73 డార్క్ గ్రీన్, హెచ్74 స్కై సరిపోతాయి. రంగు ఒక పాలు, లెవలింగ్ థిన్నరు (రంగు సమంగా పరుచుకునేలా చేసే థిన్నరు) ఒకటిన్నర పాలు, నీళ్లు కలిపిన పాలలా గిన్నె గోడ వెంట జారాలి. గాలి ఒత్తిడి 15 పీఎస్‌ఐ దగ్గర, సన్నపనికి 10-12. ఒకే కోటులో కప్పేయాలని ఆశపడొద్దు, మూడు నాలుగు పలచటి కోట్లు.

మన వాతావరణం గురించి ఒక మాట. విశాఖలో ఉన్న రోజుల్లో ఒక వానాకాలం సాయంత్రం లాకర్ (థిన్నరుతో పలచన చేసే రకం) వార్నిష్ కొట్టాను, పది నిమిషాల్లో ఆకుపచ్చ విమానం మీద విభూతి రాసినట్టు తెల్లబడిపోయింది. థిన్నరు ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమ దానిమీద కూర్చుంటుంది, అంతే. భయపడకండి, పొడి రోజున ఒట్టి లెవలింగ్ థిన్నరు పలచగా మంచులా కొడితే చాలాసార్లు పోతుంది. అసలు ముసురు రోజుల్లో కొట్టకపోవడం ఉత్తమం, తప్పదంటే ఏసీ గదిలో. మే నెలలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. రంగు గాలిలోనే ఎండిపోయి ఇసుకలా రాలుతుంది, నాజిల్ కొసన గడ్డకడుతుంది. రిటార్డర్ (ఆరడాన్ని నెమ్మది చేసే ద్రవం) రెండు చుక్కలు కలపండి, లేదా తెల్లవారుజామున పని చేయండి.

వరస ఇలా: ముందు అడుగున స్కై, రెండు రోజులు ఆరనిచ్చి మాస్కింగ్, పైన అంతా డార్క్ ఎర్త్, దాని మీద డార్క్ గ్రీన్ మచ్చలు. మచ్చల నమూనా రెండు రకాలు, ఒకదానికి ఒకటి అద్దంలో ప్రతిబింబం. మీ ఫోటోలోది ఏదో చూసుకోండి. మచ్చల అంచు ఎంత మెత్తగా ఉండాలన్నది ఇంకో తలనొప్పి. అసలు విమానం మీద అంచు దగ్గర రెండు రంగులు కలిసే మేర ఒక అంగుళం అనుకున్నా, 1/48లో అది అర మిల్లీమీటరు. చేత్తో కొడితే మూడు మిల్లీమీటర్లు పొగలా పరుచుకుంటుంది, జడ్జి కంటికి ఆ మసక వెంటనే ఆనుతుంది. నమూనాని అసలు సైజులో కాగితం మీద ప్రింట్ తీసి, మచ్చల వెంట కోసి, కాగితం అంచు కిందుగా బ్లూటాక్ (అంటుకునే మెత్తటి ముద్ద) పాములా చుట్టి పెట్టి మిల్లీమీటరు ఎత్తులో నిలపండి. ఎయిర్‌బ్రష్‌ని ఉపరితలానికి నిట్టనిలువుగా పట్టుకుని కొట్టండి. ఏటవాలుగా కొడితే రంగు కాగితం కిందికి దూరుతుంది.

ప్రతి రంగులోనూ రెండు చుక్కలు తెలుపు కలిపి రేకుల మధ్యలో మచ్చలు మచ్చలుగా పలచగా కొడితే ఉపరితలానికి ప్రాణం వస్తుంది. రెండడుగుల దూరం నుంచి తేడా ‘ఉందా లేదా’ అన్నట్టు ఉండాలి. ‘ఉంది’ అనిపిస్తే ఎక్కువైనట్టే.

అక్షరాలు, డెకాల్స్

152 గుర్తులు మీ కిట్‌లో లేకపోతే విడిగా అమ్మే షీట్లు వెతకండి. దొరక్కపోతే అక్షరాలు మనమే కొట్టుకోవచ్చు, నాకైతే ఇదే ఇష్టం, పొర ఉండదు కాబట్టి వెండి మెరుపు బాధా ఉండదు. దీనికి బైకుల నంబర్లు కోసే రేడియం స్టిక్కర్ షాపు చాలు, వాళ్ల దగ్గర కంప్యూటర్ కటింగ్ మిషను ఉంటుంది. స్టిక్కర్‌లో అక్షరం ఆకారం ఖాళీగా కోయించి, దాన్ని మాస్క్‌లా అంటించి పైనుంచి రంగు కొట్టాలి. అక్షరం సైజు ఫోటోలోంచి తీయండి. శరీరం పక్కన పసుపు అంచున్న గుండ్రటి గుర్తు అసలు విమానం మీద 35 అంగుళాలు, అంటే మోడల్ మీద 18.5 మిల్లీమీటర్లు. దానితో పోల్చి అక్షరం ఎత్తు లెక్కకట్టండి. నేను అడిగినప్పుడు హైదరాబాద్‌లో షాపు కుర్రాడు డిజైన్ చూసి “అన్నా, గింత చిన్నగ కొడితే బండి మీద ఎవ్వనికి కనబడ్తది?” అన్నాడు. విమానం అని చెప్పాక ఇంకా అనుమానంగా చూశాడు. ఆ స్టిక్కర్ జిగురు చాలా గట్టిది, అలాగే అంటిస్తే కింద రంగు లేచిపోతుంది. ముందు అరచేతికి నాలుగైదుసార్లు అంటించి పీకి జిగురు చావగొట్టాలి.

డెకాల్స్ వేసేటట్టయితే ముందు మెరుపు వార్నిష్ రెండు కోట్లు. డెకాల్ వెండిలా మెరవడానికి కారణం దాని కింద చిక్కుకున్న గాలి, గరుకు రంగు మీద వేస్తే గాలి చిక్కుకుంటుంది. గోరువెచ్చటి నీళ్లలో పది పదిహేను సెకన్లు ముంచి తీసి, నిమిషం ఆగి, కింద సెట్టర్ (డెకాల్ అతుక్కునేలా చేసే) ద్రవం రాసి జార్చండి. పైన మెత్తబరిచే ద్రవం రాశాక అది ముడతలు పడి మీ గుండె ఆగినంత పని చేస్తుంది, ముట్టుకోకండి, తనే సర్దుకుంటుంది. బోరు నీళ్లు వాడొద్దు, ఆరాక ఉప్పు చారలు తేలతాయి. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు లేదా బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. తర్వాత మళ్లీ ఒక మెరుపు కోటు, డెకాల్ అంచు కనబడకుండా.

వాడినట్టు కనిపించడం

ముదురు గోధుమ ఆయిల్ రంగు, కొంచెం నలుపు, వాసన లేని థిన్నరులో కలిపి ప్యానెల్ గీతల్లోకి వదలండి, అరగంటాగి గాలి వీచే దిశలో తుడవండి. పచ్చి నలుపు వద్దు, స్కై రంగు మీద మరీ వద్దు, గళ్ల లుంగీలా కనబడుతుంది. 1940 వేసవిలో ఒక స్పిట్‌ఫైర్ నెలల తరబడి ఎండలో పడి ఉన్నది కాదు, చాలావాటి ఆయుష్షే కొన్ని వారాలు. కాబట్టి పైలట్ ఎక్కే ఎడమ రెక్క వేరు దగ్గర కాస్త అరుగుదల, ఇంజిను పొగ గొట్టాల వెనక బూడిద కలిసిన గోధుమ రంగు పొగ, అడుగున నూనె చారలు రెండు. రెక్క ముందు ఎనిమిది తుపాకుల రంధ్రాల మీద ఎర్ర గుడ్డ పట్టీలు మర్చిపోకండి. అవి చిరిగి ఉంటే తుపాకులు కాల్చినట్టు, అప్పుడే రెక్క కింద మసి ఉండాలి. పట్టీలు చెక్కుచెదరకుండా ఉండి కింద మసి ఉంటే కథ అతకదు, కొందరు జడ్జీలు సరిగ్గా ఇలాంటిదే వెతుకుతారు.

చివరగా మ్యాట్ వార్నిష్. సీసా బాగా కలపండి, లేకపోతే ముదురు ఆకుపచ్చ మీద తెల్ల పొడి రాలినట్టు వస్తుంది.

ఆఖరి ముక్కలు

కాళ్లు అతికించే రోజు ఇంకేం పని పెట్టుకోకండి. స్పిట్‌ఫైర్ కాళ్లు కొంచెం బయటికి చాచుకుని, ముందుకి వాలి ఉంటాయి, ముందు నుంచి ఫోటో పక్కన పెట్టుకుని రెండూ ఒకేలా ఉన్నాయో చూసుకోండి. చక్రాల అడుగు నేలకి సమంగా ఆనేలా కొద్దిగా చదును చేయండి. మూడు చక్రాలూ గాజు పలక మీద ఆనాలి, కింద కాగితం దూరకూడదు. ప్రొపెల్లరు రెక్కల కొసలకి పసుపు, అసలు 4 అంగుళాలు, మనకి 2 మిల్లీమీటర్లు, మూడింటికీ ఒకే కొలత.

రేడియో తీగ మళ్లీ తేదీని బట్టి. వేసవిలో కాక్‌పిట్ వెనక యాంటెన్నా స్తంభం నుంచి తోక కొసకి తీగ ఉంటుంది, కొత్త రేడియో వచ్చాక అది పోయింది, తర్వాత గుండ్రటి గుర్తు దగ్గర నుంచి తోక అడ్డ రెక్కల కొసలకి వేరే సన్నతీగలు వచ్చాయి. తీగకి సాగే దారం కొనొచ్చు. లేదా కిట్ ఫ్రేమ్ ముక్కని కొవ్వొత్తి మంటకి కాస్త దూరంగా తిప్పుతూ, మెత్తబడగానే మంట నుంచి తీసి రెండు చేతులతో లాగండి, వెంట్రుకలాంటి పోగు వస్తుంది. పది లాగితే ఒకటి బాగుంటుంది. వదులుగా అతికించి, మంట ఆర్పిన అగరుబత్తి నిప్పు కొసని దగ్గరికి తెస్తే తనే బిగుసుకుంటుంది. తాకిందో, తెగింది.

పోటీ ముందు రోజు, దారిలో

ఇప్పుడు మీరే జడ్జి. టార్చి తీసుకుని, మీ మోడల్ ఎవరో పగవాడిది అనుకుని, తప్పులు కాగితం మీద రాయండి. పది వస్తాయి. వాటిలో పోటీ హాలు దాకా కనబడేవి నాలుగు దిద్దండి, మిగతావి వదిలేయండి. ముందురోజు రాత్రి కొత్త వార్నిష్ కొట్టి ఆరునెలల పని పాడుచేసుకున్నవాళ్లని చూశాను, అందులో ఒకడిని నేనే.

తీసుకెళ్లడానికి మోడల్ కన్నా వెడల్పున్న ప్లాస్టిక్ డబ్బా కావాలి, అడుగున గట్టి ఫోమ్ పలక. రెక్క వేరు దగ్గర రెండు పక్కలా, తోక ముందు ఒకచోట మెత్తటి ఫోమ్ దిమ్మెలతో పట్టి ఉంచండి. బరువు కాళ్ల మీద పడకూడదు, తీగలకి, స్తంభానికి ఏదీ తగలకూడదు. బబుల్ చుట్టేస్తే సరిపోతుందనుకుంటారు, అదే కాళ్లు విరిచేది. విమానంలో వెళ్తే చేతి సంచీలోనే, తనిఖీ దగ్గర డబ్బా మీరే తెరిచి చూపించండి. మరమ్మతు సంచీలో ట్వీజర్లు, బ్రష్, చిన్న ఫెవికాల్, డార్క్ గ్రీన్ రంగు చుక్క. బ్లేడ్లు చేతి సంచీలో పెట్టుకోకండి. ప్లాస్టిక్‌ని కరిగించే జిగురు, థిన్నరు అసలు ఏ సంచీలోనూ వద్దు.

హాలుకి చేరాక మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, ప్రవేశ పత్రంలో మీరు చేసినవన్నీ రాయండి. కాక్‌పిట్‌లో బెల్టులు మీరే చేస్తే అది రాయకపోతే కిట్‌లోవే అనుకుంటారు. అక్షరాలు డెకాల్ కాదు, మాస్క్ పెట్టి కొట్టినవి అని కూడా. పక్కన విమానం ఫోటో ఒకటి పెట్టండి. బల్ల మీద పెట్టాక ఎడమ రెక్కకి ఎక్కువ లైటు పడుతోందా కుడి రెక్కకా చూసుకుని, ఏ పక్క అతుకు మీద మీకు ఇంకా మనసులో పీకుతోందో ఆ పక్కని నీడకి తిప్పండి. టార్చి ఎలాగూ అక్కడికి కూడా వస్తుందనుకోండి.